బీపీ మాత్ర మెదడునూ కాస్తుంది

(తెరపై: పెద్దాయన చేతికి బీపీ పట్టీ. మీటరులో 160/70)

అరవై దాటినవాళ్లకు బీపీ చూస్తే తరచూ ఇలాంటి అంకెలే వస్తాయి. పైది ఎక్కువ, కిందిది తక్కువ. "ఈ వయసుకు మామూలేలే" అని ఇంట్లో సర్దిచెప్పుకుంటాం. చాలామందిలో ఉన్నమాట నిజమే, అంతమాత్రాన అది మంచిది కాదు.

గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వయసులో ఉన్నప్పుడు బాగా సాగుతుంది. గుండె కొట్టినప్పుడల్లా కాస్త ఉబ్బి, ఆ తాకిడిని తనలోనే ఇముడ్చుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని గోడ బిగుసుకుపోతుంది. బీపీ, షుగర్, పొగతాగడం ఆ బిగుసుకోవడాన్ని తొందరపెడతాయి. ఇక ఆ తాకిడి తగ్గకుండానే మెదడు దాకా వెళ్తుంది.

(తెరపై: మెదడు లోపలి సన్నని రక్తనాళాల బొమ్మ)

మెదడు ఒంటి బరువులో 2 శాతమే. గుండె పంపే రక్తంలో మాత్రం సుమారు 15 శాతం దానికే కావాలి. లోపలికి వెళ్లేకొద్దీ నాళాలు వెంట్రుక కన్నా సన్నబడతాయి. ఏళ్ల తరబడి ఆ తాకిడికి అవి దెబ్బతిని, చుట్టుపక్కల కణాలకు రక్తం చాలదు. అప్పుడు ముందుగా పోయేది జ్ఞాపకశక్తే కానక్కర్లేదు. ఆలోచన మందగిస్తుంది, డబ్బు లెక్కలు తడబడతాయి, నడక నెమ్మదిస్తుంది.

(తెరపై: చైనా పటం, పల్లె ఇళ్లు)

ఇలా ఆలోచన, జ్ఞాపకశక్తి క్షీణించి రోజువారీ పనులే కష్టమయ్యే స్థితిని డిమెన్షియా అంటారు. మరి బీపీ తగ్గిస్తే డిమెన్షియా తగ్గుతుందా? చైనాలో 326 పల్లెల్లో, బీపీ అదుపులో లేని దాదాపు 34 వేల మందితో చూశారు. సగం పల్లెల్లో ఊరి వైద్యులే ఒక పద్ధతి ప్రకారం మాత్రలు పెంచుతూ, 130/80 లోపుకు తేవాలని పనిచేశారు. మందులు ఉచితంగానో తక్కువ ధరకో ఇచ్చారు, ఇంట్లో చూసుకోవడానికి బీపీ మిషన్ ఇచ్చారు. నాలుగేళ్లకు మిగతా పల్లెలకన్నా ఆ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఆ పని చేసింది పెద్దాసుపత్రుల నిపుణులు కాదు, ఊళ్లో ఉండే వైద్యులు. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది ఇదే. మన ఊళ్లలోనూ ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు, ముప్పై దాటినవాళ్లకు బీపీ చూసే కార్యక్రమమూ ఉంది.

మాత్ర వేసుకుంటే డిమెన్షియా రానే రాదని కాదు. 15 శాతమంటే అందరికీ కాదు, కొందరికి.

(తెరపై: కుర్చీలోంచి నెమ్మదిగా లేస్తున్న పెద్దామె)

బీపీ నార్మల్‌కు వచ్చిందని అమ్మానాన్నలు మాత్ర ఆపేస్తుంటే ఆపనివ్వకండి. అది వచ్చింది మాత్ర వల్లే. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పండి, నిలబడినప్పుడు కూడా బీపీ చూడమని అడగండి. మోతాదు పెంచినా తగ్గించినా డాక్టరే చెయ్యాలి.