మీ కాగితంలో మీరెక్కడ?

శ్రోతలకు నమస్కారం.

కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధిస్తున్నాను. పాఠాలతో పాటు ప్లేస్‌మెంట్ విభాగం బాధ్యత కూడా పదమూడేళ్లుగా నా మీదే ఉంది. చివరి సంవత్సరం తరగతులు మొదలవగానే పిల్లల రెజ్యూమేలు నా బల్ల మీదికి రావడం మొదలవుతుంది. ఒక్కో ఏడాది రెండు వందలు దాటుతాయి. వాటిని చదువుతుంటే నాకు కలిగే బాధ గురించి ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఆ రెండు వందల కాగితాల్లోనూ ఒకే మనిషి కనిపిస్తాడు. అన్నిటికంటే పైన ఆశయం అని ఒక వాక్యం ఉంటుంది: 'పేరున్న సంస్థలో చేరి, నా నైపుణ్యాలను పెంచుకుంటూ సంస్థ అభివృద్ధికి తోడ్పడటం.' ఇది సీనియర్ కాగితంలోంచి తీసుకున్నది. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర తీసుకున్నాడు. తర్వాత బలాలు: కష్టపడి పనిచేయడం, త్వరగా నేర్చుకోవడం. అభిరుచులు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. కింద తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా. ఆఖరున 'పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను' అని సంతకం.

ఈ చివరి వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయో మన ఇళ్లలో అందరికీ తెలుసు. బయోడేటా అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పెళ్లి సంబంధం. ఆ అలవాటే ఉద్యోగం కాగితంలోకీ వచ్చేసింది. ఉద్యోగం ఇచ్చేవారికి మీ మతంతో, మీ ఎత్తుతో పని లేదు. ఈ అమ్మాయి, ఈ అబ్బాయి ఇంతకుముందు ఏదైనా ఒక పనిని చేతిలోకి తీసుకుని చివరిదాకా చేశారా అన్నదే వారు వెతుక్కుంటారు. సరిగ్గా అదే మన పిల్లల కాగితాల్లో కనిపించదు. చేయలేదనుకుంటే పొరపాటు. చేసినదాన్ని పని అని వాళ్లు అనుకోరు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. బీకాం చివరి సంవత్సరం. కాగితం అందరిలాగే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంటికి వెళ్లాక సాయంత్రం పూట ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఏమీ లేదు మేడమ్. ఇంటి పని, చదువుకోవడం. నెలకోసారి అమ్మావాళ్ల సంఘం పుస్తకాలు రాస్తాను."

"ఏ సంఘం?"

"డ్వాక్రా మేడమ్."

అప్పుడు ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. సంఘంలో పదకొండు మంది. తలా రెండు వందలు నెలనెలా పొదుపు. అందులోంచి సభ్యులు వాడుకునే అప్పులు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. అది కాక బ్యాంకు అప్పు, దాని కిస్తీలు. సమావేశంలో ఏం తీర్మానించారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. పొదుపు ఒక పుస్తకం, అప్పులు ఒక పుస్తకం. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి, అంటే నాలుగేళ్లకు పైగా, ఇదంతా ఆ పిల్లే రాస్తోంది. ఒకసారి పుస్తకంలో లెక్క పాస్‌బుక్ కంటే పద్దెనిమిది వందలు ఎక్కువ చూపించిందట. రెండు రాత్రులు కూర్చుని తప్పు పట్టుకుంది. సంఘంలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు కట్టిన కిస్తీ ఇద్దరి ఖాతాల్లోనూ జమ పడింది.

"మరి ఇది కాగితంలో ఎందుకు రాయలేదమ్మా?"

"అది ఉద్యోగం కాదు కదా మేడమ్. ఎవరూ జీతం ఇవ్వరు."

నాకు కళ్లు చెమర్చాయి. బ్యాంకు పాస్‌బుక్‌తో పుస్తకాన్ని సరిపోల్చి తేడా ఎక్కడుందో పట్టుకోవడాన్ని మేము బ్యాంకు రీకన్సిలియేషన్ అని చెబుతాం. ఆ పాఠం ఆమెకు చెప్పింది నేనే. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే రాసింది, మంచి మార్కులు వచ్చాయి. ఇంట్లో చేస్తున్నదీ అదేనని ఆమెకు తట్టలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. ఆ రోజు ఆశయం వాక్యం కొట్టేసి, ఆ చోట ఇద్దరం కలిసి ఇలా రాశాం: 'పదకొండు మంది సభ్యులున్న స్వయం సహాయక సంఘానికి నాలుగేళ్లుగా పొదుపు, అప్పు, వడ్డీ పుస్తకాల నిర్వహణ. ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూడటం.' ఇందులో గొప్పలు లేవు. అంకెలున్నాయి. చదివినవారికి మనిషి కనిపిస్తుంది.

ఇలాంటివి మీ ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్నాయి. నాన్న ట్రాక్టర్ కిరాయి లెక్కలు చూసేవారు, వేసవిలో బట్టల దుకాణంలో నిలబడ్డవారు, చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్ చెప్పినవారు నా తరగతిలోనే ఎంతమందో. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, వారం రోజుల శిబిరానికి వెళ్లాలి. కాగితంలో మాత్రం 'ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్' అనే రెండు ముక్కలే ఉంటాయి. శిబిరంలో మీరు చేసిందేమిటి? వంటకు సరుకులు తెచ్చారా, రక్తదాన శిబిరానికి దాతల పేర్లు రాసుకున్నారా? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్య ప్రణాళికలో, మొదటి సంవత్సరం తర్వాత ఊళ్లోకి వెళ్లి సర్వే చేసే సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగి నివేదిక రాసిన పిల్లలు దాన్ని మార్కుల కోసం చేసిన పనిగా మరిచిపోతారు. ఎన్ని ఇళ్లు తిరిగారో, ఏం తెలుసుకున్నారో రాయండి. ఎండలో నడిచింది మీరే కదా.

కాగితం రూపం గురించి ఎక్కువ చెప్పను. కొత్తవారికి ఒక్క పేజీ చాలు. పెద్ద కంపెనీల్లో కాగితాన్ని ముందుగా కంప్యూటర్ చదివి వడపోస్తుంది కనుక రంగులు, గడులు, బొమ్మలు లేకుండా సాదాగా ఉంచండి. ఈమెయిల్ చిరునామా మీ పేరుతోనే ఉండాలి.

పేరు అన్నాను కనుక ఒక్కమాట. ఈ చిన్న విషయం మన పిల్లలను పెట్టే ఇబ్బంది అంతా ఇంతా కాదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో ముందు వెనకలవుతుంది. దరఖాస్తు ఫారమేమో మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతుంది. ఒక్కోచోట ఒక్కోలా నింపుతారు. తీరా ఉద్యోగం వచ్చాక ధ్రువపత్రాలు పరిశీలించే సమయానికి, ఈ నలుగురూ ఒకరేనా అన్న సందేహం వస్తుంది. చేరే తేదీ దగ్గరపడుతుంటే మీసేవ కేంద్రం చుట్టూ తిరిగిన పిల్లల్ని చూశాను. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా అలాగే రాయండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో తేడా ఉంటే రెండో సంవత్సరంలో ఉండగానే సరిచేయించుకోండి.

అబద్ధాల మాట కూడా చెప్పాలి. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం అమ్మేవాళ్లున్నారు. కంపెనీలు పాత యజమానికి ఫోను చేస్తాయి, పీఎఫ్ ఖాతా చూస్తాయి. దొరికితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. ఇక ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అని ఎవరు అడిగినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బు పంపించి మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి. అది సైబర్ నేరాల సహాయ కేంద్రం నంబరు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. మన పిల్లలకు అసలు కష్టం ఇక్కడ ఉంది.

పెద్దవాళ్ల ముందు తల వంచుకుని నిలబడాలని మనమే నేర్పాం. ఎదురు మాట్లాడకూడదని నేర్పాం. ఆత్మస్తుతి, పరనింద తగవని నేర్పాం. ఇవన్నీ మంచి మాటలే, నేనూ అలాగే పెరిగాను. కానీ ఆ పిల్లే ఒకనాడు ముగ్గురు పెద్దల ఎదుట కూర్చుని, వారి కళ్లలోకి చూస్తూ తన గురించి తాను చెప్పుకోవాలి. నోరు పెగలదు. పెగిలినా గొంతులోంచి గాలే వస్తుంది. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. ఇరవై ఏళ్లు చేయని పనిని ఆ రోజు మొదటిసారి చేయమంటున్నాం, అంతే. అలాంటి పని సాధనతోనే వస్తుంది. ఈత పుస్తకం చదివితే రాదు కదా.

ఇంగ్లీషు రాదు కాబట్టి మాట్లాడలేకపోతున్నామని చాలామంది అంటారు. నేను వాళ్లకు ఒక పరీక్ష పెడతాను. 'నీ గురించి రెండు నిమిషాలు తెలుగులో చెప్పు' అంటాను. పేరు, ఊరు, నాన్న పేరు చెప్పి ఆగిపోతారు. తెలుగులోనే చెప్పలేనప్పుడు లోటు ఇంగ్లీషుది కాదని వాళ్లకే తెలుస్తుంది. ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు. అందుకే ముందు తెలుగులో చెప్పిస్తాను. చేసిన పని ఒకటి, అందులో ఎదురైన చిక్కు ఒకటి, దాన్ని విప్పిన తీరు. అది గడగడా వచ్చాకే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకోమంటాను. కంఠతా పట్టనివ్వను. కంఠతా పట్టినదాంట్లో ఒక్క మాట జారితే మిగతాదంతా జారిపోతుంది.

మా దగ్గర మధ్యాహ్నం మూడు తర్వాత ఒక గది ఖాళీగా ఉంటుంది. అందులో ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు, మూడో మనిషి మాట్లాడకుండా చూస్తూ రాసుకుంటాడు. చేతులు ఏం చేస్తున్నాయి, ఏ మాట పదేపదే వస్తోంది, ఎక్కడ నీళ్లు నమిలాడు. తర్వాత స్థానాలు మారతారు. అడిగే కుర్చీలో కూర్చున్నప్పుడు పిల్లలకు ఒక సంగతి అర్థమవుతుంది. ఎదుటివాళ్లు ఓడించడానికి అడగరు, తెలుసుకోవడానికి అడుగుతారు. జవాబు బాగుంటే అడిగినవాళ్ల ముఖమూ వెలుగుతుంది. ప్రశ్నలు కూడా ఎక్కడి నుంచో ఊడిపడవు. మీ కాగితంలో ఉన్న మాటల్లోంచే వస్తాయి. కంప్యూటర్ పరిజ్ఞానం అని రాశారా, ఎక్సెల్‌లో ఏం చేయగలరని అడుగుతారు. తెలియనిదాన్ని తెలియదండీ అని చెప్పవచ్చు. తప్పు లేదు.

తోడు లేనివారికి ఫోను ఉంది. మీ జవాబును రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి సొంత గొంతు వినడం కష్టంగానే ఉంటుంది. మూడు రోజులు ఓర్చుకోండి. ఇప్పుడు తొలి ఇంటర్వ్యూ తరచూ ఫోనులోనే, వీడియోలోనే జరుగుతోంది. ముఖం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోవడం, ఇంట్లో ఏ మూల సిగ్నల్ బాగుంటుందో ముందురోజే చూసుకోవడం కూడా సాధనలో భాగమే.

ఆ డ్వాక్రా అమ్మాయి సాధన చేసిన తీరు నాకు చాలా నచ్చింది. సంఘం సమావేశంలో, పుస్తకాలు రాయడం పూర్తయ్యాక, ఆ పదకొండు మంది ముందు నిలబడింది. అత్తలూ, పిన్నులూ, అమ్మా. "నన్ను ఏమైనా అడగండి" అంది. కాసేపు నవ్వుకున్నారట. తర్వాత వారిలో పెద్దావిడ అడిగింది: "మా డబ్బు నీ చేతికి ఇస్తే లెక్క తప్పదని మాకేమిటే నమ్మకం?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆ పిల్ల ఆ పద్దెనిమిది వందల కథను మొదటిసారి పూర్తిగా చెప్పింది. అంత సూటి ప్రశ్న మా గదిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి ఇంటర్వ్యూలో ఆమె ఎంపిక కాలేదు. రెండోదాంట్లోనూ కాలేదు. కానీ ప్రతిసారీ తిరుగు బస్సులో, గుర్తున్నంతవరకు అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. తను చెప్పింది ఒక పక్క, చెప్పాల్సింది ఇంకో పక్క. మూడో చోట ఆ నోట్‌బుక్‌లోని ప్రశ్నలే నాలుగు వచ్చాయి. ఉద్యోగం వచ్చింది. చేరడానికి వెళ్లేముందు ఆ నోట్‌బుక్ నా దగ్గర ఇచ్చింది. దాన్ని మా విభాగంలో అందరికీ అందేలా పెట్టాను. తర్వాతి పిల్లలు అందులో తమ ప్రశ్నలు చేరుస్తూ వస్తున్నారు. ఇప్పుడది మూడో నోట్‌బుక్.

వింటున్న తల్లిదండ్రులతో ఒక మాట. ఆ పుస్తకాల్లో, ముఖ్యంగా ఆడపిల్లలు రాసిన పేజీల్లో, మళ్లీ మళ్లీ కనిపించే ప్రశ్న ఒకటుంది: 'హైదరాబాద్‌లో గానీ, బెంగళూరులో గానీ పని ఇస్తే వెళ్తావా?' తక్కిన ప్రశ్నలకు మేము సాధన చేయించగలం. దీనికి చేయించలేం. ఈ మాట ఇంట్లో ఎప్పుడూ అనుకోలేదు కనుక పిల్ల అక్కడ మౌనంగా ఉండిపోతుంది. వెళ్లడానికి ఇష్టం లేదేమో అనుకుని వాళ్లు తర్వాతి పేరు పిలుస్తారు. మొన్న ఒకమ్మాయి ఆ ప్రశ్న రాసి, చెప్పాల్సిన జవాబు పక్కన 'నాన్నను అడగాలి' అని పెన్సిలుతో రాసి వదిలేసింది. ఆ పేజీ ఇంకా అలాగే ఉంది.

నమస్కారం.