"మర్చిపో" అంటే మెదడు వినదు

అందరికీ నమస్కారం.

రోడ్డు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ ఒక మనిషిని ఊహించుకోండి. గాయాలు మానాయి, ఉద్యోగానికీ వెళ్తున్నాడు. ఆరు నెలలయ్యాక ఒకరోజు వెనక ఎవరో సడన్ బ్రేక్ వేస్తారు. అంతే, గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి, కాళ్లు కదలవు. ఇంట్లోవాళ్లేమో "అయిపోయినదాన్ని ఇంకా ఎందుకు తలుచుకుంటావ్, మర్చిపో" అంటారు. ఆయన తలుచుకోలేదండీ. ఆయన మెదడు లెక్క ప్రకారం ఆ ప్రమాదం మళ్లీ జరుగుతోంది.

ఎందుకలా? మెదడులో ముప్పును పసిగట్టే భాగం అమిగ్డలా. ఏది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కలిపి దాచేది హిప్పోక్యాంపస్. ప్రాణభయంలో ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగితే మొదటిది రెచ్చిపోతుంది, రెండోది తడబడుతుంది. చప్పుడు, వాసన, నొప్పి గట్టిగా నాటుకుంటాయి కానీ "అది అప్పటి సంగతి" అన్న గుర్తు సరిగా పడదు. "ఇది మామూలు బ్రేకే" అని సర్దిచెప్పాల్సిన, నుదుటి వెనకుండే మెదడు భాగం ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మాట ఆ హోరులో చెల్లదు.

మొదటి వారాల్లో పీడకలలు, ఉలికిపాటు సహజం. చాలామందిలో అవే తగ్గిపోతాయి. నెల దాటినా వదలకుండా రోజువారీ బతుకును దెబ్బతీస్తుంటే అది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) కావచ్చు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని ఆ పేరుతో రుగ్మతల జాబితాలో చేర్చింది. డిప్రెషన్, మద్యం అలవాటు తరచూ దీని వెంటే వస్తాయి.

ట్రామా వల్ల, అంటే ఇలాంటి భయంకరమైన అనుభవం వల్ల, హిప్పోక్యాంపస్ కుంచించుకుపోతుందని చాలామంది ఖాయంగా చెప్పేస్తారు. 2002లో వెలువడిన ఒక అధ్యయనం వియత్నాం యుద్ధానికి వెళ్లినవాళ్లనీ, వాళ్ల కవల సోదరుల్లో యుద్ధానికి వెళ్లనివాళ్లనీ పోల్చింది. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్నవాళ్ల కవలలకు కూడా, యుద్ధం చూడకపోయినా, హిప్పోక్యాంపస్ చిన్నగానే ఉంది. అంటే కొందరికి ముందునుంచే అలా ఉండొచ్చు. "నా మెదడు పాడైపోయింది" అని కుమిలిపోయేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా తెలియాలి.

ప్రమాదం జరిగిన ఆ దారి మానేస్తే, బండెక్కకపోతే అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ అక్కడ ఇప్పుడు ముప్పు లేదని నేర్చుకునే అవకాశం మెదడుకు దక్కదు. శిక్షణ పొందిన థెరపిస్టు పక్కనుండి, ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా, భద్రంగా ఎదుర్కొనేలా చేయించేది ఇందుకే. అవసరమైతే సెర్ట్రాలిన్ లాంటి మందులూ ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. "అసలేం జరిగిందో మొత్తం చెప్పు" అని తవ్వకండి. చెబితే వినండి, చెప్పకపోతే పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.