బయోనికల్ లోర్: దేవుడు పడుకున్న వెయ్యేళ్ళే వాళ్ళు హాయిగా బతికారా? (నా థియరీ, ఫుల్ స్పాయిలర్స్)

(స్క్రీన్ మీద: సముద్రం, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక డబ్బా)

హాయ్ అందరికీ. ఈ డబ్బా చూసారా, ఇందులోంచి ఒక హీరో బయటికొస్తాడు, కానీ వచ్చేటప్పుడు ముక్కలు ముక్కలుగా ఉంటాడు, చెయ్యి ఒకచోట కాలు ఒకచోట, తనని తానే బిగించుకుని లేచి నిలబడతాడు. ఎందుకంటే అది బొమ్మ కదా, మనం కూడా డబ్బా తెరిచి అలాగే బిగించాలి. బొమ్మ కొన్న పిల్లాడు చేసే పనినే కథలో మొదటి సీన్ చేసేసారు. నేను ఈ లోర్‌కి, అంటే బొమ్మల వెనకున్న కథాలోకానికి, పడిపోయింది అక్కడే.

ఇది లెగో వాళ్ళ బయోనికల్. 2001లో మొదలైంది, 2010లో ఆపేసారు, 2015లో మళ్ళీ కొత్తగా తెచ్చారు, 2016కల్లా మళ్ళీ మూసేసారు. ఆ రెండోదాని గురించి ఇవాళ మాట్లాడను, అది వేరే కథ, వేరే లోకం. కొంతమంది ఫ్యాన్స్ రెండూ ఒకటే అని దారాలు కడుతుంటారు గానీ నాకు ఎక్కలేదు.

తెలీనివాళ్ళ కోసం ఫాస్ట్‌గా చెప్పేస్తా. మాటా నూయి అని ఒక ద్వీపం, అందులో ఆరు ఊళ్ళు, ఆ ఊళ్ళలో మటోరాన్ అనే చిన్న చిన్న జనం, ఒక్కో ఊరికి టురాగా అని ఒక పెద్దాయన లేదా పెద్దావిడ. వాళ్ళ దేవుడి పేరు కూడా మాటా నూయే, గ్రేట్ స్పిరిట్ అంటారు. ఆ దేవుణ్ణి తమ్ముడు మకూటా మోసం చేసి నిద్రపుచ్చాడు, ఆయన్ని లేపడానికి టోవా అనే ఆరుగురు హీరోలు వస్తారు: నిప్పు టాహూ, మంచు కోపాకా, మట్టి ఓనూవా, రాయి పోహాటూ, గాలి లేవా, నీళ్ళు గాలీ. అవును, నీళ్ళ టోవా పేరు గాలీ, గాలి టోవా పేరు లేవా. తెలుగులో ఈ వీడియో చెయ్యడం ఎంత కష్టమో అర్థమైంది కదా, ఇకనుంచి ‘గాలీ’ అని సాగదీసి అంటే ఆ అమ్మాయి అని ఫిక్స్ అయిపోండి.

ఈ పేర్లకి కూడా ఒక వెనక కథ ఉంది. మొదట్లో ఈ జనాన్ని టొహుంగా అనేవాళ్ళు. అది న్యూజిలాండ్ మావోరీల మాట, వాళ్ళ భాషలో విద్య తెలిసిన నిపుణుడు, పూజారి లాంటి అర్థం. మా మాటలు తీసి బొమ్మలకి పెడతారా అని 2001లో మావోరీల తరఫున అభ్యంతరం వచ్చింది, లెగో కొన్ని పేర్లు మార్చింది, అలా టొహుంగా పోయి మటోరాన్ వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పూజారి అనే పేరు పోయి ఏమీ అర్థం లేని పేరు రావడం నా థియరీకి భలే కుదురుతుంది (అనుకోకుండా జరిగిందే అనుకోండి, అయినా).

సరే. అసలు బాంబు 2008లో పేల్చారు. మాటా నూయి దేవుడు కాదు, రోబో. ఎంత పెద్ద రోబో అంటే 4 కోట్ల అడుగుల ఎత్తు, అంటే 12 వేల కిలోమీటర్లు దాటి, మన భూమి అడ్డంగా కొలిస్తే 12,700 చిల్లర, ఇంచుమించు భూమంత పొడుగు మనిషి సముద్రంలో వెల్లకిలా పడిపోయి ఉన్నాడు. మనం ఏడేళ్ళుగా చూస్తున్న ద్వీపం ఆయన మొహం మీద పెరిగింది. మొహం మీద! ఊళ్ళు, అడవులు, అగ్నిపర్వతం, అన్నీ.

అది తెలిసాక పాతవన్నీ వెనక్కి వెళ్ళి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 2004లో ద్వీపం కింద మెట్రూ నూయి అనే మహానగరం చూపించారు, దానికి ఆకాశంలో రెండు సూర్యుళ్ళు, మాటా నూయి నిద్రలోకి జారే టైంకి ఆ రెండు సూర్యుళ్ళూ మూసుకుపోతాయి. అప్పుడు మనం గ్రహణం అనుకున్నాం. అవి కళ్ళు. నగరం ఉన్నది తలలో. 2002లో బోరాక్ అని పురుగుల్లాంటి మెషిన్లు వచ్చి చెట్టూ పుట్టా అన్నీ నేలమట్టం చేస్తాయి, విలన్లు అనుకున్నాం, వాటి రాణులేమో ద్వీపం మొదట ఎలా ఉండేదో అలా అయిపోవాలని ఒకటే గోల. తీరా చూస్తే వాటి డ్యూటీ మొహం కడగడం! ఆయన లేవాలంటే మొహం మీద మట్టి పోవాలి కదా. విలన్లు అనుకున్నవాళ్ళు సఫాయి కార్మికులు.

నాకైతే ఇది కొత్తగా అనిపించలేదు, ఒకరకంగా. మన్ను తిన్న కృష్ణుడి నోట్లో యశోద లోకాలన్నీ చూసిన కథ విని పెరిగినోళ్ళం, దేవుడి ఒంట్లో లోకం ఉండటం మనకి ఇంట్లో మాటే. కాకపోతే అక్కడ యశోద బయట నిలబడి చూసింది. ఇక్కడ కథ మొత్తం నోట్లో ఉన్నవాళ్ళ వైపు నుంచి.

(స్క్రీన్ మీద: మందు గొట్టం, పక్కన టోవా డబ్బా)

ఈ ఐడియా ఎక్కడ పుట్టిందో వింటే ఇంకా ఇష్టం పెరుగుతుంది. క్రిస్టియన్ ఫేబర్ అని డెన్మార్క్ ఆర్టిస్ట్, లెగోకి పనిచేసే అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో ఉండేవాడు, బయోనికల్‌ని పుట్టించినవాళ్ళలో ఒకడు. ఆయనకి మెదడు దగ్గర ట్యూమర్ ఉండేది, ప్రాణం తీసే రకం కాదు గానీ రెగ్యులర్‌గా మందు తీసుకోవాలి. ఆ మందు వేసుకుంటూ, నా ఒంట్లోకి చిన్న చిన్న సైనికుల్ని పంపిస్తున్నట్టుంది, వాళ్ళు లోపల పోరాడి నన్ను నిలబెడతారు అని ఊహించుకున్నాడట. అంటే టోవా డబ్బా అనేది మందు గొట్టం. పడిపోయిన పెద్ద శరీరం, లోపల జబ్బు, ఆ జబ్బు పేరు మకూటా, కథలో కూడా మకూటా నిజంగా వైరస్‌తోనే రోబోని పడగొడతాడు. ఒక మనిషి తన జబ్బుని బొమ్మల కథ చేసేసాడు, తొమ్మిదేళ్ళు పిల్లలందరూ ఆడుకున్నారు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే, ఫ్యాన్స్ ఎవరినడిగినా చెప్తారు. ఇక్కడినుంచి నా పైత్యం మొదలు.

ఒంట్లో టోవా మందైతే మటోరాన్ ఎవరు? కణాలు. ఒంట్లో కణం పనేంటి, పని చెయ్యడమే. లోర్‌లో కూడా అదే, గ్రేట్ బీయింగ్స్ అనే సృష్టికర్తలు మటోరాన్‌ని తయారు చేసింది రోబో లోపల మెయింటెనెన్స్ కోసం. మెట్రూ నూయి మ్యాప్ ఒకసారి చూడండి: ఒక పేట వీళ్ళందరూ మొహాలకి పెట్టుకునే మాస్కులు పోతపోస్తుంది, ఒక పేట చెక్కుతుంది, ఒక పేట బడులు, ఒక పేట రవాణా, ఒక పేట ఆర్కైవ్స్, ఇంకో పేట భవిష్యత్తు లెక్కలు కట్టే పండితులు. నువ్వు ఏ పేటలో ఉంటే నీ పని అదే. ఒకప్పుడు అక్కడ అంతర్యుద్ధం వచ్చి పనులు ఆగిపోతే దేవుడి ప్రాణం మీదికే వచ్చింది! మెదడులో కార్మికులు సమ్మె చేస్తే రోబో పోతుంది, సింపుల్. సరిగ్గా పనిచెయ్యని మటోరాన్‌ని ఏం చేసేవాళ్ళంటే కర్జానీ అనే వాడి దగ్గరికి రిపేర్‌కి పంపేవాళ్ళు, వాడు బాగుచెయ్యలేక ఇంకా వంకరగా తయారుచేసి పెట్టేవాడు, వాళ్ళు తిరిగి వచ్చిందీ లేదు.

ఇప్పుడు వాళ్ళ మతం వినండి. మూడే మూడు సూత్రాలు: ఐక్యత, కర్తవ్యం, విధి. యూనిటీ, డ్యూటీ, డెస్టినీ. పదేళ్ళు ప్రతి పుస్తకంలో ప్రతి సినిమాలో ఇదే మంత్రం. నాకు ఇది మంత్రంలా కాదు, ఫ్యాక్టరీ గోడ మీద రాసే బోర్డులా వినిపిస్తుంది. కలిసి పనిచెయ్యండి, మీ పని మీరు చెయ్యండి, ఇదెందుకు అని అడక్కండి ఎప్పుడో తెలుస్తుంది. నా థియరీ ఏంటంటే ఇది మొదట్లో మతమే కాదు, మెషిన్‌తో పాటు వచ్చిన యూజర్ మాన్యువల్. చదివేవాళ్ళకి బుర్ర వచ్చాక అది శ్లోకం అయిపోయింది.

బుర్ర ఎప్పుడొచ్చింది అంటే, అదీ లోర్‌లో ఉంది. వెలికా అని ఒక బక్క మటోరాన్, 2006 కథలో వోయా నూయి అనే ఇంకో ద్వీపంలో కనిపిస్తాడు, ఎప్పుడూ పొడుపు కథల్లో మాట్లాడతాడు, కామెడీ క్యారెక్టర్ అనుకుని వదిలేసాం. 2011లో రచయిత గ్రెగ్ ఫార్ష్‌టే ఆన్‌లైన్ సీరియల్‌లో ఏం తేల్చాడంటే వాడు వేషం మార్చుకున్న గ్రేట్ బీయింగ్, మర మనుషుల్లా ఉండాల్సిన మటోరాన్‌కి తెలివి, మనసు పెట్టింది వాడే. మిగతా సృష్టికర్తలకి తెలీకుండా!

ఇప్పుడు రెండూ కలపండి. మకూటా వల్ల రోబో పడిపోయింది, నగరం కూలింది, మటోరాన్‌ని నిద్రలోనే పైకి ద్వీపం మీదికి తెచ్చారు, పాత జ్ఞాపకాలు పోయాయి. తర్వాత వెయ్యేళ్ళు. ఆ వెయ్యేళ్ళలో వాళ్ళేం చేసారు? ఒక ఊరివాళ్ళు లావా మీద సర్ఫింగ్ చేసారు, ఒక ఊరివాళ్ళు పెద్ద పెద్ద పక్షులెక్కి తిరిగారు, పీతల మీద రేసులు పెట్టుకున్నారు, నీళ్ళ మీద తేలే ఊరు కట్టుకున్నారు, ఊళ్ళ మధ్య కోలీ అనే ఆట టోర్నమెంట్లు. తవ్వకాలూ గట్రా పనులు ఉన్నాయి, కాదనను, కానీ అవి తమ ఊరి కోసం, రోబో కోసం కాదు. మెట్రూ నూయిలోనూ అకిలినీ అని ఆట ఉంది కదా బ్రో అని కామెంట్ పెట్టబోయే వాళ్ళకి ముందే చెప్తున్నా, ఉంది, షిఫ్ట్ అయ్యాక ఆడుకునేది. తేడా అదే.

అంటే దేవుడు స్విచాఫ్‌లో ఉన్నంతకాలం వీళ్ళు మనుషుల్లా బతికారు. ఆ వెయ్యేళ్ళూ ఆయన లేవాలని మొక్కుకున్నది కూడా వీళ్ళే. ఆయన లేస్తే మొదట పోయేది వీళ్ళ ఊళ్ళే, ఎందుకంటే ఊళ్ళు ఆయన మొహం మీద ఉన్నాయి!

ఇక టురాగాల సంగతి. ఆరుగురు పెద్దలకీ కింద నగరం ఉందని తెలుసు, వాళ్ళే ఒకప్పుడు అక్కడ టోవా, తమ శక్తి అంతా ఇచ్చేసి ఈ మటోరాన్‌ని నిద్రలేపారు. వెయ్యేళ్ళు నోరు మెదపలేదు. నిప్పు ఊరి టురాగా వకామా ఇసకలో రాళ్ళు జరుపుతూ కథలు చెప్తాడు, ఆ కథల్లో నగరం మాటే రాదు. చాలామంది ఫ్యాన్స్ దీన్ని తప్పుగా చూస్తారు, జనాన్ని మోసం చేసారని. నేనైతే ఉల్టా అంటా. రోబో సంగతి వాళ్ళకీ తెలీదు గానీ నగరంలో బతుకెలా ఉండేదో తెలుసు. పిల్లల్ని కొన్నాళ్ళు ఆడుకోనిద్దాం అనుకున్న తాతలు వాళ్ళు.

టకూవా అని ఒక మటోరాన్ ఉన్నాడు, నాకు చాలా ఇష్టం వాడంటే. పని దొంగ. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండడు, ద్వీపమంతా తిరుగుతుంటాడు, చివరికి వాడి తిరుగుడుకే క్రానిక్లర్, అంటే జరిగింది రాసిపెట్టేవాడు, అని ఉద్యోగం పేరు పెట్టారు. 2003లో ఏడో టోవా, వెలుగు టోవా టకనూవా అయ్యింది వాడే. కార్మికుల్లో అందరికన్నా పనికిరాని కార్మికుడు! తర్వాత వాడు మారువేషంలో దాచిపెట్టిన వెలుగు మటోరాన్ అని వివరణ ఇచ్చారు గానీ, ఆ వివరణ లేకపోయినా నాకు బాగానే ఉండేది.

2009లో మాటా నూయి మనసు ఆ ఒంట్లోంచి బయటికి గెంటబడి, మాస్కులో ఇరుక్కుని, బారా మాగ్నా అనే ఎడారి లోకంలో మామూలు సైజు మనిషిగా నడవాల్సి వస్తుంది. అప్పుడు ఒప్పుకుంటాడు, నా లోపల ఉన్నవాళ్ళని నేను పట్టించుకోలేదు అని. ఆ ఎడారి ఎపిసోడ్లు బోర్ అని చాలామంది తిడతారు, నాకు ఆ ఒక్క మాట కోసం ఓకే. 2010లో మకూటా చచ్చాక, ముక్కలైన గ్రహాన్ని కలిపేసి, ఇక నాకు ఒళ్ళొద్దు అని మళ్ళీ మాస్కులోకే వెళ్ళిపోతాడు. రోబో శిథిలం. మటోరాన్ మొత్తం బయట, ఎండలో, మొదటిసారి ఎవరి ఒంట్లోనూ కాకుండా.

ఇక్కడికి ఆపేస్తే హ్యాపీ ఎండింగ్. కానీ ఆ 2011 సీరియల్ ఉంది కదా, సగంలో ఆగిపోయింది, అందులో హత్యలు మొదలవుతాయి. కోపాకా, పోహాటూ డిటెక్టివ్‌ల్లా తిరుగుతుంటారు. చచ్చింది ఎవరు, కర్జానీ ఒకడు, ట్రెన్ క్రోమ్ ఇంకోడు. చేయిస్తున్నది వెలికా. ఎందుకు వీళ్ళనే? ట్రెన్ క్రోమ్ ఎవరంటే మాటా నూయి రెడీ అవ్వకముందు ఆ రోబో లోకాన్ని నడిపించడానికి పెట్టిన వాడు. పాత డ్రైవర్. కర్జానీ రిపేర్ షాపు వాడు. పాత మేనేజ్‌మెంట్ మొత్తాన్ని ఏరేస్తున్నాడన్నమాట, మళ్ళీ ఎవడూ వీళ్ళని మెషిన్ పార్టుల్లా వాడకుండా. నాకు ఇది తట్టిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

కానీ చిల్లు ఉంది, నేనే చెప్పేస్తా. వెలికా అంత మంచోడైతే కథలో వాడి చేష్టలు అలా ఉండవు, మటోరాన్‌కి బుర్ర ఇచ్చింది నేను కాబట్టి వాళ్ళు నా సొత్తు అన్నట్టే ఉంటుంది వాడి వాలకం. పాత ఓనర్లని చంపేది స్వేచ్ఛ ఇవ్వడానికి కాదు, రిజిస్ట్రేషన్ తన పేరు మీదికి మార్చుకోవడానికి. అప్పుడు నా థియరీ సగమే నిలబడుతుంది, ఎవర్ని చంపుతాడో కరెక్ట్, ఎందుకో తప్పు.

ఇంకో చిన్న చిల్లు సైజు లెక్క. రోబో 12 వేల కిలోమీటర్లు అయితే, మనిషి లెక్కన తల ఎనిమిదో వంతు అనుకున్నా మొహం 1500 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంత. అంత ద్వీపంలో టకూవా ఊరినించి ఊరికి నడిచి వెళ్ళి కబుర్లు మోసుకొస్తాడు. కాళ్ళు అరిగిపోవాలి పాపం. దీనికి నా దగ్గర థియరీ లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్స్‌లో పడెయ్యండి, ఇంకో వీడియోలో చదువుతా.