గెస్ట్‌మౌంట్ రివ్యూ: రూట్ అధికారం లేకుండా వర్చువల్ డిస్క్‌ను తెరవడం

నమస్కారం. ఆపి ఉంచిన వర్చువల్ మెషీన్ డిస్క్‌లోంచి ఒక్క కాన్ఫిగరేషన్ ఫైలు చూడాలంటే డిస్క్ ఇమేజ్ ఫైలును నిజమైన డిస్క్‌లా చూపే లూప్ డివైస్, క్యూఎంయూ-ఎన్‌బీడీ వంటి మార్గాలు ఉన్నాయి గానీ, వాటికి సాధారణంగా రూట్ (సిస్టమ్‌పై పూర్తి హక్కులున్న యూజర్) అధికారం కావాలి. పైగా ఆ ఫైల్‌సిస్టమ్‌ను మన హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్) కెర్నెలే చదవాలి. ఎవరో ఇచ్చిన ఇమేజ్‌లో మెటాడేటాను (ఫైల్‌సిస్టమ్ అమరిక వివరాలను) కావాలనే చెడగొట్టి ఉంటే, దెబ్బ తగిలేది హోస్ట్‌కే.

నేడు మనం పరిశీలిస్తున్న గెస్ట్‌మౌంట్, వర్చువల్ డిస్క్‌లను చదివి మార్చేందుకు వాడే లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అనే లైబ్రరీలో భాగం. ఇది తెర వెనుక ఒక చిన్న వర్చువల్ మెషీన్‌ను నడిపి, డిస్క్‌ను దానికి అప్పగించి, లోపలి ఫైళ్లను ఫ్యూజ్ (సాధారణ ప్రోగ్రామే ఫైల్‌సిస్టమ్‌ను అందించే లినక్స్ సదుపాయం) ద్వారా మన డైరెక్టరీలో చూపిస్తుంది. ఫ్యూజ్ 2005లోనే 2.6.14తో లినక్స్ కెర్నెల్‌లో చేరింది కనుక, ప్రత్యేకంగా మాడ్యూల్ రాయవలసిన పని లేకపోయింది. డిస్క్ ఫార్మాట్ క్యూకౌ2 అయినా వీఎండీకే అయినా వాడే తీరు ఒకటే.

భద్రతకు చెల్లించే మూల్యం వేగం. ఫైళ్ల కోసం చేసే ప్రతి పిలుపూ కెర్నెల్ నుంచి గెస్ట్‌మౌంట్‌కు, అక్కడి నుంచి ఆ చిన్న వర్చువల్ మెషీన్‌లో నడిచే డీమన్‌కు (నేపథ్య ప్రోగ్రామ్‌కు) వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. ఈ భారం తగ్గించడానికి, డైరెక్టరీ జాబితా అడిగినప్పుడే అందులోని ఫైళ్ల వివరాలన్నీ కలిపి తెచ్చుకుని, డిఫాల్ట్‌గా 60 సెకన్ల పాటు దాచుకునే ఏర్పాటు చేశారు. నా దృష్టిలో ఇందులోని తెలివైన నిర్ణయం ఇదే. అయినా పెద్ద డైరెక్టరీని మొత్తంగా కాపీ చేయడానికి దీన్ని వాడకండి. డైరెక్టరీని ఒకే టార్ ఫైలుగా బయటకు తీసే వర్ట్-టార్-అవుట్ ఆ పనికి తగినది.

అసలు జాగ్రత్త అన్‌మౌంట్ దగ్గర కావాలి. అన్‌మౌంట్ ఆదేశం ముగిసినా, గెస్ట్‌మౌంట్ ప్రాసెస్ ఇంకా డేటాను డిస్క్‌కు రాస్తూ ఉండవచ్చు. ఆ క్షణంలో మీ స్క్రిప్ట్ అదే డిస్క్‌తో వర్చువల్ మెషీన్‌ను ప్రారంభిస్తే ఫైల్‌సిస్టమ్ పాడైపోయే ప్రమాదం ఉంది. ప్రాసెస్ నంబరును ఒక ఫైలులో రాసే పిడ్-ఫైల్ ఆప్షన్ ఇచ్చి, ఆ ప్రాసెస్ నిజంగా ముగిసే వరకు వేచి చూడడమే సరైన పద్ధతి. నడుస్తున్న మెషీన్ డిస్క్‌ను రాసేందుకు ఎన్నడూ మౌంట్ చేయకూడదు. రీడ్-ఓన్లీగా తెరిచినా కనిపించేది పొందిక లేని స్థితి కావచ్చు.

మరొక విషయం: డిఫాల్ట్‌గా మౌంట్ చేసిన యూజర్‌కు తప్ప ఆ ఫైళ్లు ఎవరికీ, చివరికి హోస్ట్‌లోని రూట్‌కు కూడా కనబడవు. కొత్తవారు దీన్ని బగ్ అనుకుంటారు గానీ, ఇది ఫ్యూజ్ నియమం. అలౌ-అదర్ ఆప్షన్‌తో దీన్ని సడలించవచ్చు.

సొంత ప్రోగ్రామ్‌లో ఈ సదుపాయం కావాలనుకునే డెవలపర్లకు లైబ్రరీలోనే మౌంట్-లోకల్ ఏపీఐ ఉంది. దాని రన్ ఫంక్షన్ అన్‌మౌంట్ అయ్యే దాకా తిరిగి రాదు కాబట్టి, దాన్ని ప్రత్యేక ప్రాసెస్‌లోనో థ్రెడ్‌లోనో ఉంచేలా మొదటి నుంచే డిజైన్ చేసుకోవాలి.