చీమకుర్తి రాయిలోని ఆక్సిజన్ ఎక్కడిది?

[దృశ్యం: చీమకుర్తి క్వారీ. పాలిష్ పట్టిన నల్ల పలక, దాని మీద మెరిసే చుక్కలు.]

ఒంగోలు నుంచి పొదిలి రోడ్డు పట్టుకుంటే దారిలో వచ్చేదే చీమకుర్తి. ఇక్కడి గెలాక్సీ గ్రానైట్ విదేశాలకూ వెళ్తుంది. ఈ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిస్తే ఇది. ఇలాంటి రాళ్ల బరువులో సగానికి కాస్త తక్కువ ఆక్సిజనే! అది భూమి మీద తయారైంది కాదు. సూర్యుడి కంటే ముందే పుట్టి, మండి, పోయిన నక్షత్రాల్లో తయారైంది.

[దృశ్యం: యానిమేషన్. మూడు హీలియం కేంద్రకాలు దగ్గరవుతాయి.]

వయసు మళ్లిన నక్షత్రం లోపల వేడి 10 కోట్ల డిగ్రీలకు చేరాక మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ అవుతాయి. కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తిస్థాయి (కేంద్రకం ఉండగల ఒక శక్తి మెట్టు) ఉండి తీరాలని, లేకపోతే విశ్వంలో ఇంత కార్బన్ ఉండేదే కాదని 1953లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, అమెరికాలోని కాల్‌టెక్ ల్యాబ్ వాళ్లతో వాదించారు. అక్కడి వార్డ్ వేలింగ్ బృందం వెతికితే, 7.65 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం; మెగా అంటే పది లక్షలు) దగ్గర అది నిజంగానే ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

[దృశ్యం: యాక్సిలరేటర్ (కేంద్రకాల వేగం పెంచి లక్ష్యం మీదికి పంపే యంత్రం) గొట్టం, చివర పలుచటి కార్బన్ పొర.]

ఆ కార్బన్‌కి ఇంకో హీలియం అతుక్కుంటే ఆక్సిజన్. ఎంత కార్బన్ అలా మారుతుందన్నది మాత్రం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. రెండు కేంద్రకాలూ పాజిటివ్ చార్జి ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. నక్షత్రంలో ఈ కలయిక సుమారు 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర జరుగుతుంది. ల్యాబ్‌లో అంత తక్కువ శక్తితో హీలియాన్ని పంపితే, కోట్ల కోట్ల కేంద్రకాలు వెళ్లి కొట్టినా ఒక్కటి అతుక్కోవడం కష్టం. అందుకే ఎక్కువ శక్తి దగ్గర కొలిచి, అక్కడి నుంచి కిందికి లెక్క కడతారు.

అతుక్కున్నప్పుడు గామా కిరణం (చాలా శక్తి ఉన్న కాంతి) వస్తుంది. దాన్ని పట్టుకోవడమే అసలు పరీక్ష. మామూలు కార్బన్‌లో నూటికి ఒక వంతు కార్బన్-13 (కార్బన్-12 కంటే ఒక న్యూట్రాన్ ఎక్కువున్న రకం) ఉంటుంది. హీలియం దాన్ని తాకితే న్యూట్రాన్లు వచ్చి అసలు సిగ్నల్‌ని ముంచేస్తాయి. కాబట్టి ముందు కార్బన్-12ని శుద్ధి చేసుకోవాలి. పై నుంచి, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల గోల ఒకటి! వాటిని ఆపడానికే ఇటలీలోని గ్రాన్ సాసో ల్యాబ్‌లో అయితే 1400 మీటర్ల కొండ కింద యాక్సిలరేటర్ పెట్టారు.

[దృశ్యం: భారతదేశ పటం. కోల్‌కతా.]

ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ప్రయోగాల కోసమే కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రెనా అనే 30 లక్షల వోల్టుల యాక్సిలరేటర్ ఉంది.