127 నిజం, 128 అబద్ధం

సభలోని పెద్దలకు నమస్కారం. చదువు ముగించి ఉద్యోగ ప్రయత్నాలలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కువమంది కనబడుతున్నారు గనుక నా మాటలు ప్రధానంగా వారితోనే. విషయం అప్లికేషన్ డెవలపర్ సర్టిఫికేషన్, అంటే ప్రోగ్రాములు రాసే నేర్పుకు పరీక్ష పెట్టి కంపెనీలు ఇచ్చే ధ్రువపత్రం.

మన బరంపురంలో తెలుగింటి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతారు. డిగ్రీ చేతికి రాగానే భువనేశ్వర్ రైలెక్కాలా, విశాఖ రైలెక్కాలా అన్న తర్జనభర్జన మొదలవుతుంది. పెద్ద నగరాల కళాశాలలకు కంపెనీలు తామే వెళతాయి; మన గంజాం, గజపతి జిల్లాల గుమ్మం తొక్కేవి తక్కువ. మన కళాశాల పేరు ఎన్నడూ వినని వ్యక్తి కూడా గుర్తుపట్టగలిగే కొలమానం ఒకటి దరఖాస్తులో ఉంటే ఆ దరఖాస్తును పక్కన పెట్టేముందు ఒకసారి చూస్తారు. అప్లికేషన్ డెవలపర్ సర్టిఫికేషన్ చేసే మేలు అంతవరకే. అదే ఉద్యోగం ఇప్పిస్తుందని ఎవరైనా చెబితే వారు మీకు ఏదో అమ్మబోతున్నారని గ్రహించండి.

నేను రాసినది ఒరాకిల్ కంపెనీ వారి జావా ఎస్ఈ 17 పరీక్ష; జావా అంటే ప్రోగ్రాములు రాసే ఒక భాష. 90 నిమిషాలలో 50 ప్రశ్నలు. 68 శాతం వస్తే ఉత్తీర్ణత. మొదటిసారి తప్పాను. ఒక శిక్షణ కేంద్రం వారు "అసలు ప్రశ్నలు ఇవే" అంటూ అమ్మిన కట్టను బట్టీపట్టి వెళ్లాను. అలాంటి కట్టలు వాడడం పరీక్ష నిబంధనలకే విరుద్ధమని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్షలో ప్రశ్నలు చూస్తే తెలిసినవాటిలాగే ఉన్నాయి గానీ విలువలు వేరు, జవాబులూ వేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంటీజర్ రకానికి (పూర్ణసంఖ్యను ఒక వస్తువులో, అంటే పెట్టె వంటిదానిలో, దాచే రకానికి) చెందిన రెండు చరరాశులలో చెరొక 127 ఉంచి, వాటిని రెండు సమాన గుర్తులతో పోల్చితే జావా మామూలుగా "నిజం" అంటుంది. వాటిలోనే 128 ఉంచి పోల్చితే "అబద్ధం" అంటుంది. ఇది వింతగా కనిపిస్తుంది గానీ కారణం సరళమైనదే. వస్తువుల మధ్య ఆ గుర్తు విలువలను పోల్చదు, రెండు పేర్లూ ఒకే వస్తువును చూపుతున్నాయా అని మాత్రమే చూస్తుంది. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు జావా వస్తువులను ముందే తయారుచేసి ఉంచుకొని, అడిగిన ప్రతిసారీ వాటినే ఇస్తుంది; ఆ హద్దు దాటితే సాధారణంగా కొత్తది చేసి ఇస్తుంది. ఒకే చేత్తో చుట్టిన రెండు లడ్డూలు రుచికి ఒకటే గానీ లడ్డూలు రెండే కదా! విలువలు పోల్చాలంటే ఈక్వల్స్ పద్ధతినే పిలవాలి.

రెండోసారి సిద్ధమైనప్పుడు ప్రతి చిన్న ప్రోగ్రామునూ ముందు కాగితంపై పెన్సిలుతో నడిపి, ఏమి వస్తుందో రాసుకొని, ఆ తరువాతే కంప్యూటరులో నడిపేవాడిని. రెండింటికీ తేడా వచ్చినచోట కారణం దొరికేవరకు పేజీ తిప్పేవాడిని కాను. పరీక్ష గదిలో, ప్రోగ్రామును కంప్యూటరు కోసం అనువదిస్తూ తప్పు చూపించే కంపైలర్ ఉండదు. మన కన్నే కంపైలర్. ఈ అలవాటు పడడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మనలో చాలామందికి ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, మరొక పత్రంలో ఇక్కడి పద్ధతి ప్రకారం చివర ఉంటుంది. నమోదులోని పేరూ, పరీక్ష రోజున చూపే గుర్తింపు పత్రంలోని పేరూ ఒకేలా లేకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన రుసుమూ పోవచ్చు. చదువు మొదలుపెట్టకముందే ఆ పని సరిచేసుకోండి.

క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే కంప్యూటర్ల) వైపు ఆసక్తి ఉన్నవారికి అమెజాన్ వారి డెవలపర్ అసోసియేట్ పరీక్ష ఉంది: 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 720 రావాలి. ఆ పత్రం మూడేళ్లే చెల్లుతుంది. కొత్తవారు ముందు ఒక భాషను గట్టిగా పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

చివరకు నన్ను ఇంటర్వ్యూకు పిలిచినవారు సర్టిఫికెట్ గురించి ఒక్క మాటా అడగలేదు. సుమారు నలభై వరుసల ప్రోగ్రామును అచ్చువేసి ఇచ్చి, పది ఖాతాలతో పరీక్షించినప్పుడు సరిగ్గా పనిచేసినది వెయ్యి ఖాతాలకు ఎందుకు తప్పుతోందో చెప్పమన్నారు. ఖాతా సంఖ్యలు ఒకటితో మొదలై వరుసగా పెరుగుతున్నాయి. వాటిని పోల్చినచోట రెండు సమాన గుర్తులు ఉన్నాయి.