స్పీకర్ల ముందు తెర ఎందుకు?

అందరికీ నమస్కారం. సౌండ్ సిస్టమ్ కొనేటప్పుడు మనం తరచుగా అనే మాట ఒకటుంది: "నా చెవులే నాకు సాక్ష్యం." ఆ సాక్షిని ఇవాళ కాస్త క్రాస్ ఎగ్జామిన్ చేద్దాం.

ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ కంపెనీలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనే పరిశోధకులు చేసిన ఒక పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. విన్నవాళ్లు 40 మంది, అందరూ ఆ కంపెనీ ఉద్యోగులే. నాలుగు రకాల స్పీకర్లలో ఒకటి మాత్రం చవకది: బుల్లి బాక్సులు, లోతైన శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్. తెర చాటున ఉన్నంతసేపూ అది పెద్దవాటికి దీటుగా మార్కులు తెచ్చుకుంది. కళ్లెదుట పెట్టి వినిపిస్తే దాని మార్కులు పడిపోయాయి. అనుభవజ్ఞులు కూడా దీనికి అతీతులు కారు.

ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. అసలు సంగతి మరొకటి. స్పీకర్‌ని గోడ దగ్గరికి జరిపితే లోతైన శబ్దం, అంటే బేస్, మారుతుంది, పాట మారిస్తే వేరే లోపాలు బయటపడతాయి. తెర ఉన్నప్పుడు ఈ తేడాలు మార్కుల్లో తెలిశాయి. స్పీకర్ కనబడుతుంటే వాటిని శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు! లేని తేడాని కళ్లు పుట్టించడమే కాదు, ఉన్న తేడాని మింగేస్తున్నాయి కూడా.

షోరూముల్లో ఇంకో చిక్కు, వాల్యూమ్. పోల్చే రెండిట్లో ఒకటి రవ్వంత ఎక్కువ మోగితే "ఇది గట్టిగా ఉంది" అనిపించదు, "ఇది బాగుంది" అనిపిస్తుంది. అందుకే ఆంప్లిఫయర్లని పోల్చేవాళ్లు టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ (వైర్లు తగిలించే చోటు) దగ్గర వోల్టేజి కొలిచే మల్టీమీటర్‌తో 0.1 డెసిబెల్ లోపు సరిచేస్తారు. ఆ టోన్ 2.83 వోల్టులుంటే అది 0.03 వోల్టుల తేడా. చెవితో సరిచేయడం కుదరని పని.

"పరీక్ష అంటే కంగారు, కంగారులో తేడా తెలియదు" అని కొందరంటారు. సరే, ఇంట్లోనే తీరిగ్గా చేయండి. ఒక ఆంప్లిఫయర్ నుంచి ఇంకోదానికి కేబుల్ మార్చే పని బావమరిదికి అప్పజెప్పండి, ఏది పెట్టేదీ బొమ్మాబొరుసూ వేసి తేల్చమనండి. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే నేను ఒప్పుకుంటాను. ఊరికే ఊహించి చెబితే 12 లేదా అంతకన్నా ఎక్కువ తగలడం నూటికి నాలుగు సార్లు కూడా జరగదు.

ఈ తెర వెనక రెండు ఆంప్లిఫయర్లున్నాయి, ధరల్లో చాలా తేడా ఉంది. కాగితాలు పంచుతున్నాం. పక్కవాళ్ల కాగితంలోకి మాత్రం చూడకండి, అదీ పక్షపాతమే.